కరెంటు బాగా లాగే ప్లానార్ స్పీకర్లకు ఏ పాత యాంప్ సరిపోతుంది?

ప్లానార్ స్పీకర్లు (పలుచటి పొర మొత్తం కదిలి శబ్దం చేసే బల్లపరుపు స్పీకర్లు) కొన్నవాళ్లు మొదట అడిగేది "ఎన్ని వాట్లు కావాలి?" అని. కొత్త యాంప్ (యాంప్లిఫయర్) కొనేటప్పుడు ఈ ప్రశ్నతో పని నడుస్తుందేమో కానీ, పాత యాంప్ దగ్గర నడవదు. 4 ఓమ్‌ల లోడ్ (అంటే యాంప్‌కు తగిలించిన స్పీకర్, ఓమ్‌లు తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది) పెడితే అది ఎంత కరెంటు ఇవ్వగలదు, ఎంతసేపు ఇవ్వగలదు అన్నది అడగాలి. 100 వాట్లని రాసి ఉన్న రెండు పాత యాంప్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఈ స్పీకర్ ప్యానెళ్లను గంటల తరబడి హాయిగా నడుపుతుంది. రెండోది కాసేపటికే వేడెక్కి, రిలే (ప్రమాదం వస్తే స్పీకర్‌ను విడదీసే స్విచ్) టక్కుమని కొట్టి ఆగిపోతుంది. ఆ తేడా యాంప్ ముఖం మీద కనిపించదు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంటుంది.

ముందు స్పీకర్ సంగతి. జిమ్ వైనీ 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో మ్యాగ్నెపాన్ కంపెనీ పెట్టారు. ఆయన పద్ధతిలో పలుచటి మైలార్ పొర మీద సన్నటి తీగ అంటించి ఉంటుంది, దాని వెనక అయస్కాంతాల వరసలు ఉంటాయి. తీగలో కరెంటు పారితే పొర మొత్తం ముందుకూ వెనక్కూ కదులుతుంది. డబ్బా ఉండదు, కోన్ ఉండదు. ఆ తీగ విద్యుత్తు పరంగా దాదాపు ఒక మామూలు రెసిస్టర్ లాగే ప్రవర్తిస్తుంది. డబ్బా స్పీకర్‌లో ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు) ఒక చోట 30 ఓమ్‌లకు ఎగిరి ఇంకో చోట 3కి పడిపోవచ్చు, ఫేజ్ (వోల్టేజికీ కరెంటుకూ మధ్య వచ్చే ముందువెనకల తేడా) కూడా అటూ ఇటూ తిరుగుతుంది. మ్యాగ్నెపాన్‌లో ఆ గొడవ చాలా తక్కువ, శ్రుతి (ఫ్రీక్వెన్సీ) ఏదైనా ఇంచుమించు 4 ఓమ్‌ల దగ్గరే నిలుస్తుంది.

అందుకే ఇది "కష్టమైన లోడ్" అనే మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. తిక్క లోడ్ కాదు, బరువైన లోడ్. డబ్బా స్పీకర్ కొన్ని శ్రుతుల దగ్గర యాంప్‌కు ఊపిరి తీసుకునే వీలిస్తుంది, ఇది ఇవ్వదు. వాల్యూమ్ పెంచినంతసేపూ కరెంటు లాగుతూనే ఉంటుంది.

ఎంత లాగుతుందో లెక్క వేద్దాం. మ్యాగ్నెపాన్ 1.7 అనే మోడల్ సెన్సిటివిటీ (ఎంత ఇస్తే ఎంత శబ్దం వస్తుందన్న అంకె) కాగితం మీద 86 డెసిబెల్స్. అది 2.83 వోల్టులకు ఇచ్చిన అంకె. 8 ఓమ్‌ల స్పీకర్‌లో 2.83 వోల్టులంటే 1 వాట్, 4 ఓమ్‌ల స్పీకర్‌లో మాత్రం 2 వాట్లు. కాబట్టి 1 వాట్‌కు దీని నుంచి వచ్చేది 83 డెసిబెల్సే. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పది రెట్లు కావాలి. మనం వినే సగటు స్థాయి 80 డెసిబెల్స్ దగ్గర ఉన్నా, డ్రమ్ మీద దెబ్బ పడ్డప్పుడో ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా లేచినప్పుడో మంచి రికార్డింగ్‌లో అది 20 డెసిబెల్స్ పైకి పోగలదు. కూర్చునే దూరం వల్ల తగ్గేది, రెండో స్పీకర్ వల్లా గది వల్లా కలిసొచ్చేది అన్నీ చూసుకుంటే, ఆ క్షణానికి ఒక్కో స్పీకర్‌కు 200 వాట్ల దాకా పడుతుంది. 4 ఓమ్‌లలో 200 వాట్లంటే సుమారు 28 వోల్టులు, 7 ఆంపియర్లు. అల శిఖరం దగ్గర 10 ఆంపియర్లు. అదే 28 వోల్టులను 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఇస్తే 100 వాట్లే, కరెంటు సరిగ్గా సగం.

నిజాయితీగా కట్టిన 100 వాట్ల యాంప్ చాలునని నేను అనేది ఈ లెక్క మీదే. నిజాయితీగా అంటే 8 ఓమ్‌లలో 100 ఇచ్చేది 4 ఓమ్‌లలో 200కి దగ్గరగా వెళ్లాలి. 8 ఓమ్‌లలో 160 రాసి, 4 ఓమ్‌లలో 180 దగ్గరే ఆగిపోయే యాంప్ కంటే ఇది ప్యానెళ్లకు మేలు. అలాగే మీరు ఎప్పుడూ చిన్న గదిలో, మెల్లగా, గాత్రమో వీణో వినేవాళ్లయితే పైన చెప్పిన శిఖరాలు మీకు రావు. 40, 50 వాట్లతోనే సంతోషంగా గడిచిపోతుంది. మీ సంగీతం ఏదో, మీ వాల్యూమ్ ఎంతో తేల్చుకోకుండా యాంప్ వెతకడం మొదలుపెట్టకండి.

ఇంకో విషయం కూడా ముందే తేల్చుకోవాలి. బల్లపరుపుగా ఉన్న ప్రతి స్పీకరూ ఒకటే లోడ్ కాదు. క్వాడ్ ఈఎస్ఎల్ (1957లో వచ్చింది), తర్వాత 1981 నాటి ఈఎస్ఎల్-63 ఎలక్ట్రోస్టాటిక్ (అయస్కాంతాలతో కాక అధిక వోల్టేజితో పొరను కదిలించే) రకం. ఇవి కెపాసిటర్ లాంటి లోడ్, పై శ్రుతులకు వెళ్లేకొద్దీ ఇంపీడెన్స్ పడిపోతుంది. వాటికి పవర్ ఎక్కువైతేనే ప్రమాదం. పాత ఈఎస్ఎల్ సుమారు 33 వోల్టుల శిఖరం దాటితే ప్యానెల్‌లో స్పార్క్ వచ్చి పాడవుతుంది. మ్యాగ్నెపాన్ కోసం కొన్న 200 వాట్ల యాంప్‌ను దానికి తగిలించడం అంటే స్పీకర్‌ను పోగొట్టుకోవడమే. మరో చివర అపోజీ సింటిల్లా ఉంది, దాన్ని 1 ఓమ్ లోడ్‌గా వాడేవాళ్లున్నారు. దానికి పాత యాంప్‌లలో పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, క్రెల్ కేఎస్ఏ-50, కేఎస్ఏ-100 వాటిలో పేరున్నవి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా మ్యాగ్నెపాన్ లాంటి 4 ఓమ్‌ల ప్లానార్ల గురించే.

1970ల రిసీవర్ల (రేడియో, యాంప్ ఒకే పెట్టెలో ఉన్నవి) దగ్గర మొదలుపెడదాం, ఎక్కువమంది చేతికి మొదట వచ్చేవి అవే కాబట్టి. మారంట్జ్ 2270 ఛానెల్‌కు 70 వాట్లు, పయొనీర్ ఎస్ఎక్స్-1250 అయితే 160. చెక్క పెట్టె, బ్రష్ చేసిన అల్యూమినియం, వెలుగుతున్న డయల్ చూస్తే మనసు లాగుతుంది, ఆ ఇష్టంలో తప్పేమీ లేదు. ఎస్ఎక్స్-1250 లాంటి పెద్దవి నిజంగానే బలంగా కట్టినవి. దాని బరువు సుమారు 29 కిలోలు, లోపల 22,000 మైక్రోఫారడ్‌ల ఫిల్టర్ కెపాసిటర్లు నాలుగు ఉంటాయి. అలాంటిది మంచి స్థితిలో దొరికితే ప్యానెళ్లను మర్యాదగా నడుపుతుంది. 2270 స్థాయి రిసీవర్‌తో మాత్రం జాగ్రత్త. మెల్లగా వింటే గొంతు తీయగా ఉంటుంది. వాల్యూమ్ పెంచితే బేస్ ముద్దగా మారుతుంది, హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. వేడి పెరిగేకొద్దీ నలభై యాభై ఏళ్ల వయసున్న భాగాల ఆయుష్షు తరిగిపోతుంది.

ఇంకా చిన్న రిసీవర్లు, అంటే 30, 40 వాట్లవి, ఈ పనికి వద్దు. మెల్లగా వినడానికి వాట్లు చాలినట్టు కనిపించినా, 4 ఓమ్‌లకు కావలసిన కరెంటు వాటి దగ్గర ఉండదు. వాటిని ఏ బుక్‌షెల్ఫ్ స్పీకర్లకో ఉంచండి.

అయితే రిసీవర్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే అమ్మేయకండి. ఆ కాలం నాటి చాలావాటి వెనక ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ అని రెండు జతల సాకెట్లు ఉంటాయి, వాటిని కలుపుతూ చిన్న లోహపు జంపర్లు ఉంటాయి. ఆ జంపర్లు తీసేసి, ప్రీ-అవుట్ నుంచి వేరే పవర్ యాంప్‌కు (స్పీకర్‌ను నడపడం ఒక్కటే దాని పని) కేబుల్ ఇస్తే రిసీవర్ ప్రీయాంప్‌గా (వాల్యూమ్, టోన్ చూసుకునే ముందు దశగా) మారిపోతుంది. డయల్, ఫోనో స్టేజ్ (రికార్డ్ ప్లేయర్ కోసం), టోన్ కంట్రోళ్లు అన్నీ మీవే, బరువు మోసేది మాత్రం కొత్తగా తెచ్చిన పవర్ యాంప్. పాత రిసీవర్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ఇక అదే దశాబ్దపు పెద్ద పవర్ యాంప్‌లు. ఫేజ్ లీనియర్ 700 పేరు చాలామంది వినే ఉంటారు. బాబ్ కార్వర్ డిజైన్, ఛానెల్‌కు 350 వాట్లు, అప్పట్లో అది సంచలనం. ప్యానెళ్లకు వాట్లు కావాలి, దీనిలో వాట్లు ఉన్నాయి, కాబట్టి సరిపోతుందని అనిపిస్తుంది. నా సలహా, వద్దు. ఆ వాట్లు ఎక్కువ వోల్టేజితో, 8 ఓమ్‌ల లోడ్‌ను దృష్టిలో పెట్టుకుని సాధించినవి. 4 ఓమ్‌లను గట్టిగా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు తమ హద్దుల అంచున పని చేస్తాయి. ఒకటి షార్ట్ అయితే రైల్ వోల్టేజి (యాంప్ లోపలి పవర్ సప్లై వోల్టేజి) నేరుగా స్పీకర్ మీదకు వస్తుంది. ప్యానెల్‌లోని సన్నటి తీగకు, రిబ్బన్ ట్వీటర్‌కు (పై శ్రుతులు పలికే సన్నటి రేకుకు) అది చావుదెబ్బ. తెలిసిన టెక్నీషియన్ పూర్తిగా తిరగకట్టి, స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు వేసిన పీస్ అయితే అది వేరే విషయం.

క్రౌన్ డీసీ-300ఎ దానికంటే మొండిది, తక్కువ ఓమ్‌లకు భయపడదు. కాకపోతే పేరులో ఉన్నట్టే ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్ దాకా డీసీని (ఒకే దిశలో పారే కరెంటును) కూడా పెంచి పంపే డిజైన్. మీ ప్రీయాంప్ అవుట్‌పుట్‌లో డీసీ కొంచెం ఉన్నా అది పెద్దదై ప్యానెల్‌కు చేరుతుంది. ప్రీయాంప్‌ను ముందు కొలిచి చూసుకుని, అప్పుడే జత చేయండి.

మెకిన్‌టోష్ సంగతి వేరు. ఎంసీ2105 లాంటి వాటిలో అవుట్‌పుట్ దగ్గర ఆటోఫార్మర్ (ట్రాన్స్‌ఫార్మర్ లాంటి తీగచుట్ట) ఉంటుంది. 4, 8, 16 ఓమ్‌లకు వేర్వేరు టెర్మినళ్లు, ఎక్కడ తగిలించినా ఛానెల్‌కు అదే 105 వాట్లు. 4 ఓమ్‌లలో రెట్టింపు కాదు కదా అని కొందరు దీన్ని పక్కన పెట్టేస్తారు. కానీ ఈ యాంప్‌కు రెట్టింపు కావాల్సిన అవసరమే లేదు, 4 ఓమ్‌ల టెర్మినల్ మీద ట్రాన్సిస్టర్లకు కనిపించే లోడ్ వాటికి అనువైనదే. చల్లగా నడుస్తుంది, ఎక్కువ కాలం బతుకుతుంది. పైగా ట్రాన్సిస్టర్ పోయినా డీసీని ఆటోఫార్మర్ గ్రౌండ్‌కు లాగేస్తుంది, స్పీకర్ దాకా రానివ్వదు. ఖరీదైన ప్యానెళ్లు ఉన్నవాళ్లకు ఆ ఒక్క ధీమా కోసమే నేను దీన్ని సిఫారసు చేస్తాను. మధ్యస్థమైన గదికి 105 వాట్లు సరిపోతాయి. పెద్ద గదికైతే 300 వాట్ల ఎంసీ2300 ఉంది, దాన్ని ఎత్తడానికి మాత్రం ఇద్దరు కావాలి.

ట్యూబ్ యాంప్‌ల (ట్రాన్సిస్టర్లకు బదులు వాక్యూమ్ ట్యూబులు వాడేవాటి) మాట వచ్చేసరికి చాలామంది "ప్యానెళ్లకు పనికిరావు" అని తేల్చేస్తారు. చరిత్ర చూస్తే అది నిలవని మాట. 1970ల మొదట్లో మ్యాగ్నెప్లానార్లను (మ్యాగ్నెపాన్ స్పీకర్లనే అలా పిలుస్తారు) మార్కెట్ చేసింది ఆడియో రీసెర్చ్, అది ట్యూబ్ యాంప్‌ల కంపెనీ, మ్యాగ్నెపాన్ లాగే మిన్నెసోటాదే. రెండింటినీ కలిపే వినిపించేవాళ్లు. దానికి సాంకేతిక కారణం కూడా ఉంది. ట్యూబ్ యాంప్‌లకు డ్యాంపింగ్ (స్పీకర్‌ను అదుపులో పెట్టే పట్టు) తక్కువ, అందువల్ల ఇంపీడెన్స్ ఎగిరిపడే డబ్బా స్పీకర్లతో వాటి టోన్ మారిపోతుంది. ప్యానెల్ ఇంపీడెన్స్ నిలకడగా ఉంటుంది కాబట్టి ఆ సమస్య దాదాపు రాదు. గాత్రం, వయొలిన్, సితార్ లాంటివి ఈ జతలో వింటే మనిషి ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. హద్దు ఎక్కడంటే పవర్ దగ్గర. డైనకో ఎస్టీ-70 ఛానెల్‌కు 35 వాట్లు, మెకిన్‌టోష్ ఎంసీ275 అయితే 75. మొదటిది చిన్న గదికి, మెల్లగా వినేవాళ్లకు. రెండోది మధ్యస్థ గదిలో చాలా సంగీతానికి సరిపోతుంది, రాక్ గట్టిగా పెట్టేవాళ్లకు చాలదు. ఏదైనా 4 ఓమ్‌ల ట్యాప్‌కే తగిలించండి. మంచి అవుట్‌పుట్ ట్యూబుల సెట్ ధర కూడా యాంప్ ధరతో కలిపి లెక్కేసుకోండి.

ఇప్పుడు నా అసలు ఓటు. మ్యాగ్నెపాన్ యజమాని ఒకే ఒక పాత యాంప్ కొనాలంటే, 1970ల చివరి నుంచి 1980ల దాకా వచ్చిన విడి పవర్ యాంప్‌లలోంచి కొనాలి. ఆడ్కామ్ జీఎఫ్ఎ-555 దానికి మంచి ఉదాహరణ. 1980ల మధ్యలో వచ్చింది, నెల్సన్ పాస్ డిజైన్, 8 ఓమ్‌లలో 200 వాట్లు, 4 ఓమ్‌లలో 325. డయళ్లు, మీటర్లు లేని నల్ల పెట్టె. డబ్బంతా ట్రాన్స్‌ఫార్మర్‌కూ ట్రాన్సిస్టర్లకూ పెట్టారు. అప్పటి నుంచే మ్యాగ్నెపాన్‌తో దీన్ని జత చేసేవాళ్లు చాలామంది. పై శ్రుతులు కొంచెం పొడిగా ఉంటాయన్నది నా అభిప్రాయం, కానీ ప్యానెల్ బేస్‌ను ఇంత పట్టుగా పట్టుకునే యాంప్ ఆ ధరలో అరుదు.

హాఫ్లర్ యాంప్‌లు ఇంకో దారి. డైనకో పెట్టిన డేవిడ్ హాఫ్లర్ తర్వాత తన పేరుతో తెచ్చినవి ఇవి. డీహెచ్-200 ఛానెల్‌కు 100 వాట్లు, డీహెచ్-500 అయితే 255. వీటిలోని మాస్‌ఫెట్‌లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) వేడెక్కేకొద్దీ తమంతట తామే కరెంటు తగ్గించుకునే రకం, అందుకే తేలిగ్గా చావవు. ధ్వని కూడా ఆడ్కామ్ కంటే మెత్తన. డీహెచ్-500లో ఫ్యాన్ ఉంటుంది, నిశ్శబ్దంగా వినే గదిలో దాని చప్పుడు తెలుస్తుంది. ఒక జాగ్రత్త ఏమిటంటే, హాఫ్లర్లు కిట్‌గా కూడా అమ్మారు. కొన్నవాళ్లే టంకం వేసుకున్న పీసులు మార్కెట్లో ఉన్నాయి, మూత తీసి ఆ టంకాలు చూడకుండా డబ్బు ఇవ్వకండి. కెనడాలో చేసే బ్రైస్టన్ 4బి వీటన్నిటికంటే గట్టిది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మరమ్మతులకు తయారీదారు ఇంకా అందుబాటులో ఉండటం దాని పెద్ద బలం.

క్రెల్ కేఎస్ఏ-50 లాంటి క్లాస్ ఎ యాంప్‌లు ప్యానెళ్ల మీద అద్భుతంగా పాడతాయి, ఆ మాటలో అతిశయం లేదు. 50 వాట్ల అంకె చూసి తక్కువనుకోవద్దు, ఓమ్‌లు సగమైన ప్రతిసారీ దాని పవర్ దాదాపు రెట్టింపవుతుంది. కానీ పాట ఉన్నా లేకున్నా అది పూర్తి వేడిలోనే ఉంటుంది. అన్నేళ్లు ఆ వేడిలో ఉడికిన కెపాసిటర్లను మార్చడానికి పెద్ద ఖర్చే అవుతుంది. కెపాసిటర్లు మార్చారన్న రుజువు ఉంటేనే దానివైపు చూడండి.

కాగితం మీది అంకెలు చదివేటప్పుడు ఒక సంవత్సరం గుర్తుంచుకోవాలి, 1974. ఆ ఏడాది అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ యాంప్‌ల పవర్ ఎలా కొలవాలో, ఎలా ప్రకటించాలో నిబంధన తెచ్చింది. అంతకుముందు "మ్యూజిక్ పవర్", "పీక్ పవర్" అంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు. అప్పటి 100 వాట్లను ఇప్పటి 100 వాట్లుగా నమ్మకండి. ఆ నిబంధనలో అప్పట్లో ఇంకో మెలిక ఉండేది. కొలిచే ముందు యాంప్‌ను మూడో వంతు పవర్ దగ్గర గంటసేపు నడపాల్సి వచ్చేది, ఏబీ క్లాస్ యాంప్‌లు (మామూలుగా దొరికేవాటిలో ఎక్కువ ఈ రకమే) బాగా వేడెక్కే చోటు అది. ఆ పరీక్షను 4 ఓమ్‌ల మీద చేయడం ఇష్టం లేక చాలా కంపెనీలు 4 ఓమ్‌ల అంకె ప్రకటించడమే మానేశాయి. కాబట్టి బ్రోషర్‌లో ఆ అంకె లేనంత మాత్రాన యాంప్ బలహీనమని కాదు. సర్వీస్ మాన్యువల్ తెరిచి ట్రాన్స్‌ఫార్మర్, ఫిల్టర్ కెపాసిటర్లు, ఛానెల్‌కు ఎన్ని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఉన్నాయో చూడండి. ఛానెల్‌కు ఒకే జత ఉన్న యాంప్‌ను ప్యానెళ్లకు తీసుకోకపోవడమే మంచిది.

కొనే చోట చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. యాంప్‌ను పావుగంట నడిపి, స్పీకర్ టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్‌తో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే పర్వాలేదు, 100 దాటితే మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. వాల్యూమ్ నాబ్‌తో పాటు రిలే మీద కూడా కన్నేయండి, ఒక ఛానెల్ సన్నగా మొదలై శబ్దం పెంచగానే సర్దుకుంటే రిలే కాంటాక్టులు అరిగినట్టే. వీలైతే టెక్నీషియన్ దగ్గర 8 ఓమ్‌ల రెసిస్టర్ మీద 28 వోల్టులు వచ్చేలా పెట్టించి, నాబ్ కదపకుండా 4 ఓమ్‌లకు మార్పించండి. వోల్టేజి 26, 27 దగ్గర నిలిచిందంటే పవర్ సప్లై మీ ప్యానెళ్లకు సిద్ధంగా ఉందన్నమాట. 22కి జారిపోతే వద్దు. పాత నంబర్ల అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి, "అన్నీ కొత్తవి వేశాం" అన్న మాట కంటే అసలు ట్రాన్సిస్టర్లు చెక్కుచెదరకుండా ఉన్న యాంప్ నాకు ఎక్కువ నమ్మకం ఇస్తుంది. ఇంకా, జపాన్ లోపల అమ్మినవి 100 వోల్టులకు, అమెరికావి 120కి చేసినవి. వెనక వోల్టేజి సెలెక్టర్ ఉందో లేదో చూడకుండా ప్లగ్ పెట్టకండి.

రెండు స్టీరియో యాంప్‌లు కొని బ్రిడ్జ్ చేస్తే (ఒక్కో యాంప్ రెండు ఛానెళ్లనూ కలిపి ఒకే స్పీకర్‌కు ఇస్తే) బోలెడు వాట్లు వస్తాయని ఎవరైనా చెబితే వినకండి. బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో సగానికి 4 ఓమ్‌ల స్పీకర్ 2 ఓమ్‌లుగా కనిపిస్తుంది, పాత యాంప్‌లలో అది తట్టుకునేవి చాలా తక్కువ. పవర్ చాలడం లేదనిపిస్తే సబ్‌వూఫర్ పెట్టి, 80 హెర్ట్జ్ కింది భాగాన్ని యాంప్‌కు వెళ్లకముందే హై-పాస్ ఫిల్టర్‌తో తీసేయండి. పవర్‌లో పెద్ద భాగం తినేది ఆ కింది బేసే, ప్యానెల్ పొర ఎక్కువ దూరం ఊగేదీ అక్కడే. అది తీసేస్తే మధ్యస్థపు రిసీవర్ కూడా తేరుకుంటుంది. దానికంటే ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటి ఉంది. ప్యానెళ్లను వెనక గోడ నుంచి కనీసం మీటరు ముందుకు జరపండి. ఇవి వెనక్కి కూడా అంతే శబ్దం పంపుతాయి, గోడకు ఆనించి పెట్టి బేస్ బాగాలేదని యాంప్‌ను తిట్టుకునేవాళ్లు ఎక్కువ.

ప్యానెళ్లు కూడా పాతవే అయితే, యాంప్ మార్చాలని నిర్ణయించుకునే ముందు ఒకటి చూడండి. ఏళ్లు గడిచాక మైలార్ మీది జిగురు వదిలి తీగలు ఊడటం పాత మ్యాగ్నెప్లానార్లలో మామూలే, అప్పుడు కొన్ని స్వరాల దగ్గర జుయ్‌మనే మోత వస్తుంది. వినేవాళ్లు దాన్ని యాంప్ క్లిప్ అవుతోందని (పవర్ చాలక శబ్దం చీలుతోందని) అనుకుంటారు. యాంప్ ఆపి, స్పీకర్ కేబుళ్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి అదే పాట మళ్లీ పెట్టండి. మోత రెండో స్పీకర్‌కు మారితే తప్పు యాంప్‌లోనో దాని ముందున్న వాటిలోనో ఉంది. అదే స్పీకర్‌లో నిలిచిపోతే ఏ యాంప్ తెచ్చినా లాభం లేదు, బట్ట విప్పి తీగలు మళ్లీ అంటించాలి.